టెర్మినల్‌లో ఒక కాపీ, బ్రౌజర్‌లో ఒక కాపీ: వేళ్లకు ఒకే అలవాటు చేయడం ఎలా?

ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారి మూడు నెలలైంది. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీలో, కంట్రోల్+సి నొక్కితే నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగిపోతుంది. కాపీ చేయాలంటే కంట్రోల్+షిఫ్ట్+సి నొక్కాలి. కంట్రోల్+సితో ఆపడం పాత యూనిక్స్ సిస్టమ్‌ల కాలం నాటి అలవాటు, సరే. కానీ అదే చేత్తో బ్రౌజర్‌లో కంట్రోల్+షిఫ్ట్+సి నొక్కితే వెబ్ డెవలపర్ల పరికరాలు తెరుచుకుంటాయి. రోజుకు పదిసార్లు వాటిని మూయడమే నా పని. పోనీ కంట్రోల్+సి అలవాటే ఉంచుకుందామంటే, నిన్న టెర్మినల్‌లో ఒక వరుస కాపీ చేయబోయి, నలభై నిమిషాలుగా నడుస్తున్న బ్యాకప్‌ను నా చేతులతో నేనే ఆపేశాను.

మ్యాక్‌లో కాపీకి కమాండ్ కీ, ఆపడానికి కంట్రోల్ కీ కాబట్టి ఈ తగాదా లేదు. విండోస్ టెర్మినల్‌లో ఏదైనా ఎంచుకుని ఉంటే కంట్రోల్+సి కాపీ చేస్తుంది, లేకపోతే ప్రోగ్రామ్‌ను ఆపుతుంది. ఎంత తెలివైన పద్ధతి!

ఉబుంటులోనూ ఇలా పనిచేసే టెర్మినల్ ఏదైనా ఉందా? లేక మ్యాక్ పద్ధతిలో కాపీ, పేస్టులను అన్ని చోట్లా వేరే కీకి మార్చినవారు ఉన్నారా? తెరపై కిటికీలను చూపే వ్యవస్థల్లో నాది కొత్తదైన వేలాండ్, పాతదైన ఎక్స్11 మీద మాత్రమే నడిచే చిట్కాలు నాకు పనికిరావు. కాపీకి కంట్రోల్+ఇన్‌సర్ట్ వాడమని దయచేసి చెప్పకండి, నా ల్యాప్‌టాప్‌లో ఇన్‌సర్ట్ కీయే లేదు.