చలానా పేరుతో వచ్చిన ఏపీకే ఫైలును ఇన్‌స్టాల్ చేశారు, ఇప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న: నిన్న సాయంత్రం మా నాన్నగారి వాట్సాప్‌కు, తెలిసినవారి నంబరు నుంచే, ‘ఆర్టీఓ చలానా’ అనే పేరుతో ఒక ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) వచ్చింది. బండి మీద జరిమానా పడిందేమోనని ఆయన దాన్ని ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చారు. ఆ తరువాత ఆ యాప్ గుర్తు తెర మీద కనిపించడం లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, డబ్బు కూడా ఇంకా పోలేదు. ఫోన్ రీసెట్ చేస్తే సరిపోతుందా?

జవాబు: రీసెట్ చేయవలసిందే గాని, అది చివరి పని. ఓటీపీ చెప్పలేదన్న ధీమా ఇక్కడ పనికిరాదండి. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి దొరికిన యాప్, బ్యాంకు పంపే ప్రతి సందేశాన్నీ మీ ప్రమేయం లేకుండానే మోసగాడికి చేరవేస్తుంది. ‘ఓటీపీ చెప్పకండి’ అని ఏళ్ల తరబడి సాగిన ప్రచారం ఈ రకం మోసానికి ఏమాత్రం చాలదని నా అభిప్రాయం.

ముందుగా ఆ ఫోన్‌లో డేటా, వైఫై ఆపేసి, సిమ్ తీసి ఏదైనా బటన్ల ఫోన్‌లో వేయండి. అప్పుడు ఓటీపీలు ఆ యాప్‌కు అందవు, బ్యాంకువారు చేసే కాల్ మాత్రం మీకు అందుతుంది. అందులోనే *#21# నొక్కి, కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయేమో చూసుకోండి. మళ్లుతుంటే ##002# నొక్కి రద్దు చేయండి. ఆ వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి (కార్డు వెనుక ముద్రించిన నంబరుకే, గూగుల్‌లో దొరికిన నంబరుకు కాదు) యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు నిలిపివేయించండి. ఫైలు వచ్చిన సందేశాన్నీ, పంపిన నంబరునూ మరో ఫోన్‌తో ఫొటో తీసుకున్నాకే రీసెట్ చేయండి. పాస్‌వర్డులను, యూపీఐ పిన్‌ను ఆ తరువాత మార్చాలి. యాప్ ఉన్న ఫోన్‌లోనే మారిస్తే కొత్తవి కూడా వాళ్లకే చేరే ప్రమాదం ఉంది.

ఫైలు పంపిన తెలిసినవారి ఫోన్ కూడా ఇలాగే చిక్కి ఉంటుంది కాబట్టి, వారికి వాట్సాప్‌లో కాకుండా మామూలు కాల్ చేసి చెప్పండి.

అడిగినవారు: ధన్యవాదాలండి. సిమ్ మార్చాం, బ్యాంకుకు కూడా చెప్పాం. ఒకవేళ ఈలోపే డబ్బు పోయి ఉంటే బ్యాంకు తిరిగి ఇస్తుందా?

జవాబు: డబ్బు పోయినట్టు తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అవతలి ఖాతాలోంచి విత్‌డ్రా కాకముందే సొమ్మును ఆపించడం దాని ఉద్దేశం కనుక, పోలీస్ స్టేషన్‌కు వెళ్లివచ్చాక చేద్దామని ఆగకండి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుడిదీ కానప్పుడు, డబ్బు పోయినట్టు బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పని దినాల్లోగా బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే ఖాతాదారుడికి నష్టం ఉండదు. అయితే యాప్‌ను ఇన్‌స్టాల్ చేసింది మీ నాన్నగారే కాబట్టి, అది నిర్లక్ష్యమని బ్యాంకు వాదించవచ్చు. నిర్లక్ష్యమే అనుకున్నా, ఫిర్యాదు అందిన తరువాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలి. అందుకే ఫిర్యాదు నంబరును, తేదీ, సమయంతో సహా రాతపూర్వకంగా తీసుకోండి.

మరో సభ్యుడు: చలానా నిజంగా ఉందో లేదో బండి నంబరుతో తెలంగాణ పోలీసుల ఈ-చలానా సైట్‌లోనో, కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైట్‌లోనో చూసుకోవచ్చు. చలానా కట్టడానికి ఏపీకే ఫైలుతో పనే లేదు.