మార్పు చేసిన స్విచ్‌: పాత నాండ్‌ బ్యాకప్‌ను మొత్తంగా తిరిగి రాయాలా, ఒక్క విభాగాన్నేనా?

నీలిదీపం:
నా దగ్గరున్నది 2017లో వచ్చిన మొదటి తరం నింటెండో స్విచ్‌. దానిలో నింటెండోది కాని సాఫ్ట్‌వేరు నడిచేలా మార్పు చేసిన రోజునే, కన్సోల్‌ను బూట్‌ చేసే హెకాటే అనే సాధనంతో అంతర్గత మెమరీ (నాండ్‌) మొత్తాన్ని బ్యాకప్‌ తీసి దాచుకున్నాను. ఆ తరువాత సిస్టమ్‌ను పలుమార్లు అప్‌డేట్‌ చేశాను. మొన్న ఒక థీమ్‌ ఎక్కించినప్పటి నుంచి కన్సోల్‌ లోగో దాటి ముందుకు వెళ్లడం లేదు. పాత బ్యాకప్‌ను పూర్తిగా రాయడం మేలా, సిస్టమ్‌ విభాగాన్ని మాత్రమే రాస్తే చాలా? ఇన్నాళ్లూ ఆడిన ఆటల సేవ్‌లు పోతాయేమోనన్నదే నా దిగులు.

రాగితీగ:
మొత్తంగానే రాయండి. మీరు చెప్పిన రెండో దారి చూడటానికి సులువుగా ఉన్నా, అసలు చిక్కంతా అందులోనే ఉంది. ఆటల ఫైళ్లు, సేవ్‌లు యూజర్‌ విభాగంలో ఉంటాయి. కానీ ఏ ఆటలు ఇన్‌స్టాల్‌ అయ్యాయన్న జాబితా, వాటి టికెట్లు (ఆట నడవడానికి కావలసిన అనుమతి ఫైళ్లు), మీ ప్రొఫైల్‌ వివరాలు సిస్టమ్‌ విభాగంలో ఉంటాయి. పాత సిస్టమ్‌ను కొత్త యూజర్‌ విభాగం పక్కన పెడితే రెండింటికీ పొంతన కుదరదు. కన్సోల్‌ను మొదలుపెట్టే బూట్‌0 విభాగం కూడా ఆ వెర్షన్‌కు సరిపోయేదే కావాలి, లేకపోతే కన్సోల్‌ అసలు మొదలే కాదు. ఒకే రోజు తీసిన బూట్‌0, బూట్‌1, రా నాండ్‌ (మిగతా మెమరీ అంతా) మూడూ కలిపి రాస్తే ఈ బెడద ఉండదు.

పాతకోట:
రాగితీగ గారు పొంతన గురించి చెప్పినది అక్షరాలా నిజం, అయినా ఆయన సలహాను ఇప్పుడే పాటించవద్దని గట్టిగా కోరుతున్నాను. థీమ్‌ ఫైళ్లు నాండ్‌లో ఉండవు, ఎస్‌డీ కార్డులోని అట్మాస్ఫియర్‌ (మార్పు చేసిన స్విచ్‌లో నడిచే సాఫ్ట్‌వేరు) ఫోల్డరులో ఉంటాయి. సిస్టమ్‌ వెర్షన్‌కు సరిపడని థీమ్‌ వల్ల హోం మెనూ కుప్పకూలడం తరచుగా చూసేదే. ముందు ఆ ఫోల్డరులోని కంటెంట్స్‌ ఫోల్డరు పేరు మార్చి మళ్లీ బూట్‌ చేయండి. నాండ్‌కు ఏ హానీ జరగకపోయి ఉండవచ్చు.

అప్పటికీ మొదలుకాకపోతే, ఏదైనా రాయడానికి ముందు ఇప్పుడున్న చెడిన స్థితినే మరొక బ్యాకప్‌గా తీయండి. ఈ మాట ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంది. మీరు కాపాడుకోవాలనుకునే సేవ్‌లు పాత బ్యాకప్‌లో లేవు, ఈ చెడిన నాండ్‌లోనే ఉన్నాయి. మీ కన్సోల్‌ తాళాలు (మెమరీలోని గుప్త సమాచారాన్ని తెరిచే సంకేతాలు) మీ చేతిలో ఉంటే వాటిని తరువాత కంప్యూటరులో తెరిచి బయటకు తీయవచ్చు. ఒకసారి పైన పాత బ్యాకప్‌ రాసేస్తే మరి దొరకవు. 32 గిగాబైట్ల నాండ్‌కు అంతకంటే పెద్ద కార్డు ఉంటే మేలు. కార్డు ఫ్యాట్‌32 పద్ధతిలో ఫార్మాట్‌ అయి ఉంటే ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు కనుక హెకాటే బ్యాకప్‌ను ముక్కలుగా చేస్తుంది. ఒక్క ముక్క తప్పినా అది పనికిరాదు. ఎంతసేపు పట్టినా పూర్తి ధ్రువీకరణను ఆపివేయవద్దు.

రాగితీగ:
చెడిన స్థితిని ముందుగా తీయాలన్న మాటను ఒప్పుకుంటున్నాను, నేను చెప్పవలసిందే. కానీ థీమ్‌ కారణం కాదని తేలితే మొత్తం రాయడమే దారి అన్న నా వాదన మారదు. పాత వెర్షన్‌కు వెళితే అప్‌డేట్‌లతో చిప్‌లో శాశ్వతంగా కాలిన ఫ్యూజుల సంఖ్య ఆ వెర్షన్‌ ఆశించేదానికంటే ఎక్కువగా ఉంటుంది, నింటెండో సొంత బూట్‌లోడరు అక్కడే ఆగిపోతుంది. హెకాటే ద్వారా బూట్‌ చేస్తే ఆ తనిఖీని దాటవచ్చు. మొదటి తరం స్విచ్‌లో 2018లో బయటపడ్డ బూట్‌రామ్‌ (చిప్‌లోనే చెరగకుండా రాసిన మొదటి కోడ్‌) లోపాన్ని సాఫ్ట్‌వేరు అప్‌డేట్‌తో పూడ్చలేరు కాబట్టి తిరిగి రాసే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. 

పాతకోట:
ఆ దారి తెరిచి ఉందన్నది నిజమే, అందుకే తొందరపడనక్కరలేదు. నా దృష్టిలో పాత బ్యాకప్‌ అసలు విలువ అందులోని ప్రాడ్‌ఇన్ఫో విభాగానిది. సీరియల్‌ సంఖ్య, క్రమాంకన వివరాలు, నెట్‌వర్క్‌ ధ్రువపత్రం అందులోనే ఉంటాయి, అవి ఆ కన్సోల్‌కు మాత్రమే చెందినవి. వేరొకరి బ్యాకప్‌ మీ కన్సోల్‌ తాళాలతో తెరుచుకోదు. నీలిదీపం గారూ, పాత బ్యాకప్‌ను రెండు చోట్ల భద్రపరచండి. ముందు ఆ ఫోల్డరు పేరు మార్చి చూసి ఏమైందో ఇక్కడ రాయండి.

నీలిదీపం:
పేరు మార్చాను. హోం మెనూ వచ్చింది, సేవ్‌లన్నీ ఉన్నాయి. ఈ స్థితిని ఇప్పుడు కొత్త బ్యాకప్‌గా తీస్తున్నాను, ధ్రువీకరణ నడుస్తోంది.