భుక్తాయాసం, ఈత, సగమే గుర్తున్న శ్లోకం

చిన్న సందేహం. వేసవి సెలవుల్లో అన్నం తిని బావికి ఈతకు బయల్దేరితే మా నాయనమ్మ "భుక్తాయాసం మీద నీళ్లలో దిగితే నరాలు పట్టేసి మునిగిపోతార్రా" అని గంటసేపు అరుగు మీద కూర్చోబెట్టేది. భుక్తాయాసం అంటే ఆ పట్టేయడమేనా? అసలా మాట నిజమేనా?

— భుక్త + ఆయాసం, సవర్ణదీర్ఘ సంధి. సంస్కృతంలో ఆయాసమంటే శ్రమ, అలసట. మనం దాన్ని రొప్పుకి వాడుకుంటున్నాం, అందుకే పెళ్లిభోజనం చేసి బెల్టు వదులు చేసుకునేవాడికి ఈ మాట అంత బాగా అతుకుతుంది. పట్టేయడం వేరే సంగతి, పైగా పట్టేసేది నరం కాదు, కండరం. "పిక్క పట్టేసింది" అన్నదే సరైన మాట. అదీ ఎక్కువగా అలసిన కండరానికి వస్తుంది, పప్పన్నం తిన్నందుకు కాదు.

— ఊరికే కొట్టిపారేయకండి మాస్టారూ, "న స్నానమాచరేద్భుక్త్వా" అని మనుస్మృతిలోనే ఉంది.

— ఉందండీ, నాలుగో అధ్యాయం 129వ శ్లోకం. మొత్తం చదవండి మరి:

న స్నానమాచరేద్భుక్త్వా నాతురో న మహానిశి
న వాసోభిః సహాజస్రం నావిజ్ఞాతే జలాశయే

తిన్నాక, ఒంట్లో బాగాలేనప్పుడు, నడిరాత్రి, అస్తమానం బట్టలతోనే, తెలియని నీళ్లలో స్నానం చేయొద్దని. ఈత ఊసే లేదు, మునిగిపోతారనీ లేదు. మనవాళ్లు మొదటి ముక్క పట్టుకుని చివరి ముక్క వదిలేశారు, ప్రాణాలు తీసేది అదే కదా, లోతు తెలియని క్వారీ గుంటల్లో దిగడం!

తిన్నాక పొట్టకు రక్తం కాస్త ఎక్కువ వెళ్లే మాట నిజమే గానీ కాళ్లూ చేతులూ పడిపోయేంత కాదు. అమెరికన్ రెడ్ క్రాస్ శాస్త్ర సలహా మండలి 2011లో ఉన్న పరిశోధనలన్నీ తిరగేసి, తిని ఈదితే మునిగిపోతారనడానికి ఆధారం లేదని తేల్చింది. ఇంగ్లిష్ ఛానల్ ఈదేవాళ్లయితే పడవలోంచి అందించినవి నీళ్లలోనే తింటూ తాగుతూ గంటల తరబడి పోతారు. సుష్టుగా తిని జోరుగా ఈదితే కడుపులో తిప్పుతుంది, వాంతి కావచ్చు, అంతే. మందు కొట్టి దిగడం మాత్రం నిజంగానే ప్రమాదం, దాని గురించి ఏ నాయనమ్మా చెప్పినట్టు లేదు.

— థాంక్సండీ. ఇప్పుడు గుర్తొస్తోంది, ఆ గంటసేపూ మమ్మల్ని కూర్చోబెట్టి నాయనమ్మ పక్కనే కొంగు పరుచుకుని గుర్రు పెట్టేది. భుక్తాయాసం మాది కాదన్నమాట!