అప్‌డేట్: మా కోర్టు ఆవరణలో తాళం వేసిన దాతల భవనం

మూడు నెలల కిందట ఇక్కడ అడిగాను, గుర్తుందా? ప్రకాశం జిల్లాలోని మా ఊరి కోర్టు ఆవరణలో దాతల డబ్బుతో కక్షిదారుల కోసం కట్టిన భవనం ఏడాదిగా ఎందుకు తెరవడం లేదు, ఎవరిని అడగాలి అని. మా మామయ్య కూడా రిటైర్మెంట్ డబ్బులో 25,000 ఇచ్చారు, అందుకే నాకు అంత టెన్షన్.

మీలో ఒకరు చెప్పినట్టే పని చేయించిన ఇంజినీరింగ్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టాను. 30 రోజుల గడువు కదా, 27వ రోజు జవాబు వచ్చింది. గోడలూ కప్పూ ఎప్పుడో పూర్తయ్యాయట. కరెంటు కనెక్షన్ డిపాజిట్ ఎవరు కట్టాలో తేలలేదట! దాతలేమో భవనానికే ఇచ్చామన్నారు, ఆఫీసేమో అది అంచనాలో లేదంది. కరెంటు లేకుండా కోర్టువాళ్లు స్వాధీనం చేసుకోరు. ఇంతలో శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలన్న గొడవ ఒకటి. (మామయ్య తన పేరు అసలు వద్దన్నారు.)

జవాబు కాపీ పట్టుకుని బార్ అసోసియేషన్ పెద్దల్ని కలిశాను. డిపాజిట్ వాళ్లే కట్టారు. పోయిన వారం మీటరు బిగించారు, స్వాధీనం కాగితాలు జిల్లా కోర్టుకు వెళ్లాయి. ప్రారంభం తేదీ మాత్రం ఇంకా రాలేదు. వాయిదాలకు వచ్చినవాళ్లు ఇప్పటికీ వేపచెట్టు కిందే కూర్చుంటున్నారు. తాళం తీసిన రోజు మళ్లీ రాస్తాను.