అప్‌డేట్: ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టాక నాన్నకు మగత, తూలడం – కారణం దొరికింది

డిప్రెషన్‌కు ఎస్సిటాలోప్రామ్ మొదలైన కొద్ది వారాలకే నాన్న మగతగా ఉంటున్నారని, తూలుతున్నారని, పొంతన లేకుండా మాట్లాడుతున్నారని, జబ్బు ముదిరిందా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ‘ముందు సోడియం పరీక్ష చేయించండి’ అన్న సలహాయే ఆయనను కాపాడింది.

రక్తంలో సోడియం 121 వచ్చింది. అంత తగ్గడం వల్లే ఆ మగత, తికమక. ఉండాల్సింది 135 నుంచి 145. ఎస్సిటాలోప్రామ్ తరగతి మందులు కొందరిలో, ముఖ్యంగా పెద్ద వయసువారిలో, ఒంట్లో నీటిని నిలిపే హార్మోన్ ప్రభావాన్ని పెంచుతాయట, ఆ నీటితో రక్తంలో సోడియం పలచబడుతుంది. పైగా నాన్న బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంది. అదీ సోడియంను తగ్గించేదే. ఆస్పత్రిలో సోడియంను చాలా నెమ్మదిగా పెంచారు, తొందరపడితే మెదడుకే ప్రమాదమని. బీపీ మాత్ర మార్చారు. ఎస్సిటాలోప్రామ్ ఆపి, డిప్రెషన్‌కే వాడే మరో మందు మిర్టజాపిన్ ఇచ్చారు. ఇది మెదడు కణాలపై ఉండే ఆల్ఫా-2 గ్రాహకాలను అడ్డుకుని, కణాల మధ్య సందేశాలు మోసే నారడ్రినలిన్, సెరోటోనిన్ అనే రసాయనాల విడుదలను పెంచుతుంది. సోడియం పడిపోయే అవకాశం దీనితో తక్కువే కానీ లేకపోలేదు, అందుకే మళ్లీ పరీక్షకు రమ్మన్నారు.

కొందరు చెప్పిన సెరోటోనిన్ రక్తపరీక్ష అవసరమే పడలేదు. ఒంట్లోని సెరోటోనిన్‌లో అధికభాగం పేగుల్లో తయారవుతుంది, రక్తంలో ప్లేట్‌లెట్లలో ఉంటుంది, మెదడులోకి వెళ్లదు. ఆ అంకె మెదడు సంగతి చెప్పదు. అరటిపండ్లు తినిపించమన్న సలహాదీ అదే కథ, వాటిలోని సెరోటోనిన్ కూడా మెదడులోకి వెళ్లదు.

మాటలో తికమక పోయింది. దిగులు ఇంకా పూర్తిగా తగ్గలేదు, చికిత్స సాగుతోంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎస్సిటాలోప్రామ్ లాంటి మందు, హైడ్రోక్లోరోథయాజైడ్ ఉన్న బీపీ మాత్ర కలిపి వాడుతుంటే, సొంతంగా ఆపకుండా, డాక్టరును సోడియం గురించి అడగండి.