బీకరు వంచి కడిగేటప్పుడు మాగ్నెటిక్ బీడ్ జారిపడకుండా ఏం చేయించాలి?

గాజువాక నీళ్ల ల్యాబ్:

గాజువాకలో చిన్న నీటి పరీక్షల ల్యాబ్ నడుపుతున్నాను. మాకు ఎక్కువగా వచ్చేవి సముద్రానికి దగ్గరగా ఉన్న అపార్టుమెంట్ల బోరు నీళ్లు. తెచ్చేవాళ్లందరికీ కావలసింది రెండే అంకెలు: కాఠిన్యం ఎంత, క్లోరైడ్ ఎంత. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి వసతి లేనిచోట 1000 వరకు ఒప్పుకుంటారు. ఆ 250కి అటూ ఇటూ ఊగే శాంపిల్ వచ్చిన రోజున నా ద్రావణాల మీద నాకే అనుమానం ఉంటే ఎలా?

కాఠిన్యం కొలిచే ఈడీటీఏ ద్రావణం సంగతే తీసుకోండి. 0.01 మోలార్ ద్రావణానికి లీటరుకు 3.723 గ్రాముల డైసోడియం లవణం కావాలి. అది ఓ పట్టాన కరగదు. లీటరు బీకరులో సగానికి పైగా నీళ్లు పోసి, బీడ్ (టెఫ్లాన్ తొడిగిన చిన్న మాగ్నెట్ ముక్క) వేసి, దాన్ని కింది నుంచి గిరగిరా తిప్పే స్టిర్రర్ మీద వదిలేస్తే కాసేపటికి తేటపడుతుంది. తర్వాత గరాటు పెట్టి, కచ్చితంగా లీటరు కొలిచే స్టాండర్డ్ ఫ్లాస్కులోకి వంచాలి. బీకరును కడిగి ఆ కడుగునీళ్లూ అందులోనే పోయాలి. సరిగ్గా అప్పుడే బీడ్ టప్పున గరాటులో పడుతుంది. ద్రావణం అంచు దాటి చిందిందంటే మళ్లీ తూకం నుంచి మొదలు. వెడల్పు కాడ గరాటు అయితే బీడ్ నేరుగా ఫ్లాస్కులోకే దూరుతుంది. నా బీడ్ 40 మిల్లీమీటర్ల పొడవు, 8 మిల్లీమీటర్ల లావు. అదొక్కటే సుమారు 2 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది. ఏ-క్లాస్ లీటరు ఫ్లాస్కుకు ఒప్పుకునే తేడాయే 0.4 మిల్లీలీటర్లు!

బీడ్‌ను పైకి తీసే మాగ్నెట్ కడ్డీ ఉంది. దాన్ని ముంచితే కడ్డీనీ కడగాలి, బీడ్‌నూ కడగాలి. క్లోరైడ్ కొలిచే సిల్వర్ నైట్రేట్ అయితే చుక్క పడిన చోటల్లా నల్లమచ్చ. మా అసిస్టెంట్లు గాజు కడ్డీతో బీడ్‌ను గోడకు అదిమిపట్టి బీకరు వంచుతారు. చూసినప్పుడల్లా గుండె గుభేలుమంటుంది.

కాబట్టి బీడ్‌ను ఆపే పని పాత్రే చేయాలి. ద్రావణం దాక్కునే సందు ఉండకూడదు, బ్రష్ అడుగు దాకా వెళ్లాలి, హాట్ ప్లేట్ మీద పెట్టినా తట్టుకోవాలి. మామూలు బీకరుకే లోపల ఏదైనా అడ్డు చేయించవచ్చా? చేయిస్తే ఎక్కడ, ఎంత ఎత్తున? విశాఖలో ఇలాంటి గాజు పని చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పరవాడ నైట్ షిఫ్ట్:

ఇంత దూరం ఎందుకు మేడమ్? పాత స్పీకరులోంచి ఊడదీసిన మాగ్నెట్ ఒకటి చాలు. బీకరు ముక్కుకు ఎదురువైపున, అడుగు అంచు దగ్గర, బయటి నుంచి ఆనించి పట్టుకోండి. బీడ్ వచ్చి అక్కడే అతుక్కుంటుంది. మేము 304 స్టీలు పాత్రలకు కూడా ఇదే చేస్తాం, ఆ స్టీలు మాగ్నెట్‌కు అంటుకోదు కాబట్టి లోపలి బీడ్‌ను పట్టుకోగలం. 430 స్టీలుకు ఈ చిట్కా పారదు.

ఒక్క జాగ్రత్త. వెండిలా మెరిసే నియోడిమియం మాగ్నెట్లలో మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి. వేడి బీకరుకు నల్లటి ఫెర్రైట్ వాడండి. ఏదైనా సరే, తూకం యంత్రం పక్కన మాత్రం పెట్టకండి.

గాజువాక నీళ్ల ల్యాబ్:

అది మేమూ చేస్తాం. కానీ ఒక చేతిలో బీకరు, ఇంకో చేతిలో వాష్ బాటిల్. మాగ్నెట్ పట్టడానికి మూడో చెయ్యి ఎక్కడిది? రబ్బరు బ్యాండుతో కడితే బ్యాండు తడిసి జారుతుంది. ఇద్దరు మనుషులుంటే మీ పద్ధతికి వంక పెట్టను. మాకు సాయంత్రం నాలుగు దాటితే ఒక్కరే ఉంటారు.

పెదవాల్తేరు మాస్టారు:

అమ్మా, అడ్డు ఎలా ఉండాలన్నది తర్వాత చూద్దాం. ముందు బీడ్ ఎప్పుడు పడుతోందో చూడండి. బీకరులో కాసిని నీళ్లు, బీడ్ వేసి సింకు మీద నెమ్మదిగా వంచండి. కొద్దిగా వంచగానే బీడ్ అడుగు మీద జారి ముక్కు వైపు మూలకు చేరుతుంది. టెఫ్లాన్‌కు తడి గాజు మీద పట్టు ఉండదు కదా. అక్కడికి చేరాక ఆగిపోతుంది, ఎందుకంటే దాని ముందున్న గోడ ఇంకా ఎక్కుడు వాలులోనే ఉంది. బీకరు 90 డిగ్రీలు వంగి, గోడ బల్లపరుపు అయి, ఆ తర్వాత కిందికి వాలినప్పుడే బీడ్ బయలుదేరుతుంది. అప్పటికి ద్రావణం దాదాపు అంతా వెళ్లిపోయే ఉంటుంది. బీకరును ఇంచుమించు బోర్లించి వాష్ బాటిల్‌తో లోపలికి చిమ్ముతారు చూడండి, ఆ కడగడంలోనే మీ బీడ్ పడుతోంది.

ఇది గమనిస్తే పని చాలా తేలికవుతుంది. అన్నం వార్చేటప్పుడు మెతుకులు గంజితో పాటే వస్తాయి కాబట్టి మూతి మొత్తానికి సిబ్బి కావాలి. బీడ్ ద్రావణంతో పాటు రాదు. అంతా అయ్యాక, ముక్కుకు సూటిగా కింద ఉన్న గోడ మీదుగా ఒకే దారిలో వస్తుంది. ఆ దారిలో చిన్న అడ్డు చాలు.

అడ్డు గోడ నుంచి ఎంత ఎత్తు లేవాలన్నది ఇప్పుడు చూద్దాం. బీడ్ కొన గుండ్రంగా ఉంటుంది. అడ్డు దాని లావులో సగం కన్నా తక్కువ ఉంటే కొన దాని మీదికి ఎక్కేస్తుంది. మీ బీడ్‌కు ఆ లెక్క 4 మిల్లీమీటర్లు. కడిగేటప్పుడు 120, 130 డిగ్రీలు వంచుతారు, బీడ్ వేగంగా వచ్చి తగులుతుంది కాబట్టి 6కు తగ్గకుండా చూడండి.

ముక్కును మాత్రం ముట్టుకోనివ్వకండి. ముక్కుకు అడ్డంగా గాజు కడ్డీ అతికించమని ఎవరో ఒకరు చెబుతారు. ధార మందగిస్తుంది. మందగించిన ధార పెదవిని వదలకుండా బీకరు బయటి గోడ వెంట కారుతుంది. దీన్నే 1956లో మార్కస్ రైనర్ టీపాట్ ఎఫెక్ట్ అన్నాడు. కొలిచి తూచిన ద్రావణం బయటి గోడ మీద పడితే ఇక కొలిచి ఏం లాభం? సన్నటి జల్లెడ కూడా వద్దు. రెండు మిల్లీమీటర్ల రంధ్రాల్లో తలతన్యత వల్ల నీటిపొర నిలిచిపోతుంది.

ఆకారం మార్చి కూడా బీడ్‌ను ఆపవచ్చు. 250 మిల్లీలీటర్ల కోనికల్ ఫ్లాస్కు గోడ సుమారు 14 డిగ్రీలు లోపలికి వాలి ఉంటుంది కాబట్టి 104 డిగ్రీల దాకా బీడ్ కదలదు. 45 డిగ్రీల భుజం ఉన్న సీసా అయితే 135 దాకా ఆగుతుంది. కానీ సీసా గుటకలు వేస్తూ పోస్తుంది, మీ గరాటుకు అది పనికిరాదు. ఆర్థర్ రోజింగర్‌కు ఈ స్టిర్రర్ మీద అమెరికాలో పేటెంట్ వచ్చింది 1944లో. ఎనభై ఏళ్లు గడిచినా బీకరు మాత్రం అదే నున్నటి గోడతో వస్తోంది, తయారు చేసేవాళ్లకు పట్టలేదు మరి.

గాజువాక నీళ్ల ల్యాబ్:

మాస్టారూ, సింకు దగ్గర చూశాను, అచ్చంగా మీరు చెప్పినట్టే జరుగుతోంది. గోడ బల్లపరుపు అయ్యేదాకా బీడ్ మూలలో బుద్ధిగా కూర్చుంది.

అయితే నా మొదటి షరతు దగ్గరే చిక్కు వస్తోంది. ముక్కు కింద అడ్డంగా గట్టు కడితే, బోర్లించినప్పుడు దాని వెనక కడుగునీళ్లు మడుగులా నిలవవా? అర మిల్లీలీటరు ఆగిపోయినా నాకు ఒప్పుకోలు కాదు.

మధురవాడ త్రీడీ:

బీకరు అంచుకు తగిలించే దువ్వెన లాంటి క్లిప్ త్రీడీ ప్రింటర్‌లో అచ్చు వేసి ఇవ్వగలను. గాజును ముట్టుకోనక్కర్లేదు, నచ్చకపోతే తీసేయవచ్చు. మామూలుగా వాడే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, క్షారాలకు కూడా ఆగదు. పాలీప్రొపిలీన్‌తో చేస్తే ఆమ్లాలకూ క్షారాలకూ భయం లేదు. అచ్చు వేయడం కొంచెం కష్టం, చల్లారేటప్పుడు వంకర పోతుంది. అయినా చేయవచ్చు.

గాజువాక నీళ్ల ల్యాబ్:

బఫర్‌కూ ఇండికేటర్‌కూ ఒకటి చేయించుకుంటాను, ధర చెప్పండి. స్టాండర్డ్ ద్రావణాలకు మాత్రం వద్దు. త్రీడీ అచ్చు పొరలు పొరలుగా ఉంటుంది, వేలు పెట్టి చూస్తేనే గీతలు తెలుస్తాయి. ప్రతి గీతలోనూ ఎంతో కొంత ద్రావణం ఉండిపోతుంది.

కంచరపాలెం గాజు పని:

మేడమ్, మీరు అడిగిన పని చేయవచ్చు. గట్టు వద్దు, రెండు నొక్కులు వేద్దాం. ద్రవాలను మరిగించి వేరుచేసే విగ్రూ కాలమ్ అనే గాజు గొట్టం చూసే ఉంటారు, గోడ నుంచి లోపలికి ముళ్లలా పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిని అతికించరు. బయటి నుంచి ఆ చోటు ఒక్కటే మంటతో మెత్తబరిచి, కార్బన్ కడ్డీతో లోపలికి నొక్కుతారు. గాజు ఒకటే, అతుకు లేదు, లోపలి వైపు నున్నగా ఉంటుంది. కడ్డీ అతికిస్తే రెండు చివరలా ఇరుకు మూలలు వస్తాయి. ద్రావణం ఆగేదీ అక్కడే, రేపు పగులు మొదలయ్యేదీ అక్కడే.

రెండు నొక్కులు పక్కపక్కన, మధ్యలో సందు. నీళ్లు ఆ సందులోంచి వెళ్లిపోతాయి కాబట్టి మీరు భయపడే మడుగు కట్టదు. నొక్కు మొదట్లో లావు, కొనకు సన్నం కాబట్టి సందు అన్ని ఎత్తుల్లో ఒకేలా ఉండదు. గోడ దగ్గర 4 మిల్లీమీటర్లు ఉంచితే, బీడ్ నడుము వచ్చే ఎత్తులో 6 అవుతుంది. బీడ్ 8, దూరదు. నొక్కు 8 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది. మాస్టారు చెప్పిన 6 కన్నా ఎక్కువే.

అడుగు నుంచి 30 మిల్లీమీటర్ల ఎత్తున వేస్తే బీడ్ ఎక్కువ దూరం జారదు, వేగం పుంజుకోదు. ఇంకా కిందికి అయితే నేను వేయను. అడుగు మలుపు దగ్గర గాజు మందం మారుతుంది, అక్కడ మంట పెడితే ఒత్తిడి నిలిచిపోతుంది. పని అయ్యాక బీకరును 560 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి మెల్లగా చల్లారుస్తాను. రెండు పోలరాయిడ్ పలకల మధ్య పెట్టి చూపిస్తాను, గాజులో ఒత్తిడి మిగిలితే నొక్కు చుట్టూ వెలుగు చారలు కనిపిస్తాయి, అవి లేకపోతేనే తీసుకెళ్లండి. హాట్ ప్లేట్ మీద పెట్టే బీకరుకు ఇది తప్పనిసరి.

గాజువాక నీళ్ల ల్యాబ్:

మీ కొలతలతో ముందుగా ఒక పాత ప్లాస్టిక్ బీకరులో ఎం-సీల్ ముద్దలు రెండు అతికించి చూశాను. సందు బాగుంది, నీళ్లు ఆగలేదు. బీడ్ అడ్డంగా వస్తే ఆగుతోంది, పొడవుగా జారి వచ్చినా కొన సందులో ఇరుక్కుని ఆగుతోంది.

కానీ 30 మిల్లీమీటర్ల ఎత్తు కుదరదండీ. బీడ్ అడుగు మీద జారేటప్పుడు ఒక్కోసారి కొన ముందుకు పెట్టి గోడకు తగులుతుంది. బీకరును ఇంకా వంచితే ఆ కొన మీదే, అడుగుకు ఆనుకుని నిలబడుతుంది. 90 డిగ్రీలు దాటగానే అడుగు దాని వీపును నెట్టినట్టవుతుంది, బీడ్ ముందుకు బోర్లా పడుతుంది. దాని పొడవు 40, మీ నొక్కులు 30 దగ్గర. తల నేరుగా నొక్కుల అవతల పడుతుంది, తోక దాని వెనకే వెళ్లిపోతుంది. అడ్డును తగలకుండానే దాటేసిందన్నమాట. ముద్దలు పీకి 60 దగ్గర అతికించాను. అప్పుడు బోర్లా పడినా నొక్కుల ఇవతలే పడుతోంది, జారడానికి మిగిలేది ఇరవై మిల్లీమీటర్లే. ఎంత వంచినా రాలేదు.

పెదవాల్తేరు మాస్టారు:

భేష్. బీడ్ నిలబడుతుందన్నది నాకు తట్టలేదు. అయితే సూత్రం ఇలా మార్చుకోవాలి: అడ్డు ఎత్తు బీడ్ లావును బట్టి, అడ్డు స్థానం బీడ్ పొడవును బట్టి. 60 దగ్గర నొక్కులు ఉంటే తిరిగేటప్పుడు సుడి కూడా కొంత విరుగుతుంది, ఈడీటీఏ త్వరగా కరగవచ్చు. గోడకూ బీడ్‌కూ మధ్య చోటు చాలా ఉంది కాబట్టి తగులుతుందన్న బెంగ వద్దు.

కంచరపాలెం గాజు పని:

60 అయితే నాకూ హాయి, అక్కడ గోడ మందం సమానంగా ఉంటుంది. లీటరు బీకరు ఎత్తు 145 కాబట్టి బ్రష్‌కూ ఇబ్బంది ఉండదు. కొత్త బీకర్లు రెండు తెండి. వాడిన వాటి మీద కంటికి కనపడని గీతలుంటాయి, మంట తగలగానే చిట్లుతాయి. వేడికి తట్టుకునే గాజు రకమైన 3.3 బోరోసిలికేట్ అని ముద్ర ఉందో లేదో చూసి కొనండి, మామూలు గాజు నా మంటకు నిలవదు. తెల్ల అంకెల మీదుగా నొక్కు వస్తే ఆ రంగు మాడుతుంది, కాబట్టి ముక్కు కింద అంకెలు లేని రకం చూడండి.

బీడ్ కూడా వెంట తెండి. దాన్ని పెట్టి చూసుకుంటూనే రెండో నొక్కు వేస్తాను. ల్యాబ్‌లో అదే బీకరుకు చిన్న బీడ్ ఎవరూ వాడకుండా చూసుకోండి. 5 మిల్లీమీటర్ల లావున్నది అయితే ఆ సందులోంచి దర్జాగా వెళ్లిపోతుంది.