79 శాతం మంది నిజంగా ఏమన్నారు?

పర్లాకిమిడి కిరాణా:
మొన్న మా వాట్సాప్ గ్రూపులో ఒక వార్త ఫొటో తిరిగింది. "నాస్తికులకు నీతి ఉండదు: 79 శాతం భారతీయుల మాట" అని హెడ్డింగు. మా తమ్ముడు గుడికి రాడు. అమ్మ అది చూపించి వాడికి క్లాసు పీకింది. అప్పట్నుంచి ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు, మధ్యలో నాకు టెన్షన్. ఆ లెక్క నిజమేనా?

గుణుపురం మాస్టారు:
అంకె నిజం, హెడ్డింగు అబద్ధం. అమెరికాలో సర్వేలు చేసే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్లు 2019లో 34 దేశాల్లో అడిగి, 2020 జూలైలో బయటపెట్టిన సర్వే అది. నీతిగా, మంచి విలువలతో ఉండాలంటే దేవుణ్ణి నమ్మడం అవసరమా, అవసరం లేదా? రెండిట్లో ఒకటి చెప్పమన్నారు. మన దేశంలో 79 శాతం అవసరమన్నారు, స్వీడన్‌లో 9 శాతం. ఆ ప్రశ్నలో నాస్తికుల ఊసే లేదు.

మన మాటతీరు కూడా చూడండి. సంతలో తూకం కొట్టేవాణ్ణి "దేవుడంటే భయం లేదురా నీకు?" అంటాం. వాడు రోజూ బొట్టు పెట్టుకుని గుడికెళ్లేవాడే కావచ్చు! మనకి దైవభీతి అంటే సగం పాపభీతే. ఆ లెక్కన నన్నడిగినా "అవసరమే" అనేస్తానేమో.

జయపురం ప్లీడరు:
మాస్టారూ, ఇది సాగదీత. నీతికి నమ్మకం అవసరం అన్నారంటే, నమ్మకం లేనివాడికి నీతి లేదన్నట్టే కదా. పత్రికవాడు దాన్నే తిరగేసి రాశాడు. నచ్చని అంకె వచ్చినప్పుడే మనకి ప్రశ్న ఎలా అడిగారన్న అనుమానం వస్తుంది.

గుణుపురం మాస్టారు:
కోర్టులో అయితే మీరే గెలుస్తారు. కానీ జనం సూత్రాలు నమ్ముతూనే మనుషుల్ని విడిగా చూస్తారు. కులం పట్టింపు ఉన్నవాడు కూడా "మా ఫలానా ఆయన మాత్రం బంగారం" అనడం మీరు వినలేదా? పక్కింటి నాస్తికుడి గురించి ఏమనుకుంటున్నారో తెలియాలంటే ఆ ప్రశ్నే అడగాలి.

బరంపురం ఆడపడుచు:
నన్నడిగితే 2024 మే నెలలో జరిగింది ఇంతకంటే ఘోరం. ప్రధాని ఆర్థిక సలహా మండలి పత్రం ఒకటి వచ్చింది. 1950 నుంచి 2015 వరకు జనాభాలో ముస్లింల వాటా 9.84 నుంచి 14.09 శాతానికి పెరిగిందని అందులో ఉంది. అంటే వందలో నలుగురికి కాస్త ఎక్కువ. ఆ తేడాని 9.84తో భాగిస్తే 43 శాతం. టీవీల్లో ఆ 43 ఒక్కటే మోగింది. హిందువుల వాటా 84.68 నుంచి 78.06కి తగ్గితే, "హిందువులు 7.8 శాతం తగ్గిపోయారు" అన్నారు. తగ్గింది వాటా అండీ, మనుషులు కాదు. 1951లో 30 కోట్లున్నవాళ్లు 2011కి 96 కోట్లు దాటారు. మా ఆఫీసులో డిగ్రీలున్నవాళ్లకే ఇది చెప్పడానికి మధ్యాహ్నం టీ బ్రేకంతా పోయింది.

జయపురం ప్లీడరు:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. అది లెక్క తప్పు. మాస్టారు చెప్పేది వ్యాఖ్యానం. రెండూ ఒకే గాటన కట్టకండి.

పర్లాకిమిడి కిరాణా:
మాస్టారు రాసింది అమ్మకి చదివి వినిపించాను. తూకం దగ్గర ఆపింది. కొట్లో కాటా దగ్గర కూర్చునేది తమ్ముడే. "వాడు గ్రాము కొట్టడని నాకు తెలీదా? అయినా శివరాత్రికి గుడికి రావాల్సిందే" అంది. వాడికి అన్నం మాత్రం తనే వడ్డించింది.